ఆ తల్లి కూలి యెవరిస్తారు?

(వికలాంగ పిల్లల తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగం)



మేం బడిపంతుళ్ళం. హాజరుపట్టీలో పిల్లల్ని లెక్కపెట్టేవాళ్ళం. ఆ పట్టీకి యెక్కని పిల్లల గురించే యివాళ మాట్లాడతాం.

మా పేటలో వొక తొమ్మిదేళ్ళ పిల్లాడున్నాడు. మెదడు పక్షవాతం. కూచోలేడు. ముద్ద నోట్లో పెడితేనే తింటాడు. వాడు బడికి రాలేదు. మరి వాళ్ళక్క ఆరో తరగతిలో యెందుకు మానేసింది? అమ్మ నాట్లకు పోతేనే పొయ్యి వెలుగుతుంది. అమ్మ పోతే తమ్ముణ్ణి చూసేదెవరు? అక్కే.

కూలోళ్ళ యింట్లో లెక్క యింతే. తల్లి కూలన్నా పోవాలి, లేదంటే ఆడపిల్ల చదువన్నా పోవాలి.

పింఛను వుంది కదా అంటారు. వుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను 6,000 రూపాయలు. పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైతే 15,000. తెలంగాణలో 2023లో 4,016 చేశారు. అవి వూరికే పెరగలేదు. వికలాంగులు రోడ్డెక్కితే పెరిగాయి. కేంద్రం తన వాటాగా యిచ్చేది నెలకు 300. అదీ 80 శాతం వైకల్యం వుండి, 18 యేళ్ళు నిండితేనే! అంటే ఢిల్లీ లెక్కలో మన పిల్లాడు యింకా పుట్టనే లేదు.

యే పింఛనైనా బిడ్డ పేరుమీద వచ్చేదే. అది మందులకు, ఆటో కిరాయికి పోతుంది. సదరం క్యాంపుకు బిడ్డను యెత్తుకుపోయిన రోజు తల్లి కూలి పోయింది. అది యే పద్దులో వుంది?

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసే తల్లికి పిల్లల్ని చూసుకోడానికి జీతంతో 730 రోజుల సెలవుంది. వుండాల్సిందే, మేం కాదనం. నాట్లేసే తల్లికి వొక్క రోజన్నా వుందా?

2016 వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్‌లో, యెక్కువ ఆసరా కావాల్సినవాళ్ళకు సంరక్షకుల భత్యం అని రాసే వుంది. దాని పక్కనే 'ఆర్థిక స్తోమత మేరకు' అని గొళ్ళెం పెట్టారు. కేరళలో 'ఆశ్వాసకిరణం' పేరుతో చూసుకునే మనిషికి నెలకు 600 అన్నారు. అది చాలదు. కానీ ఆ పనికి విలువ వుందని వొప్పుకున్నట్టేగా!

తల్లి ప్రేమకు కూలేమిటి అంటారు కొందరు పెద్దమనుషులు. మంచి పేరు పెట్టి వుత్తపుణ్యానికి చేయించుకునే పనిని మన తాతలు వెట్టి అన్నారు.

అందుకే అడుగుతున్నాం. పింఛనుతో పాటు చూసుకునే మనిషికి వేరేగా, కనీస వేతనం లెక్కన భత్యమివ్వాలి. సదరం డాక్టర్లు మండలానికే రావాలి. ఆ పిల్లాడికి ఆసరా దొరకాలి. వాళ్ళక్క పేరు మళ్ళీ మా హాజరుపట్టీకి యెక్కాలి.

జై భీమ్!