తెర నల్లబడితే...

(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

చెడిపోయిన కంప్యూటర్ మానిటర్‌ను ఇంట్లోనే బాగుచేసుకోవటం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. మేము ఇంజనీర్లం కాము. ఇంటి ముందుగదిలో డి.టి.పి. పెట్టుకొని తెలుగు, ఉర్దూ శుభలేఖలు కంపోజు చేసి బతికేవాళ్లం. కనుక మాకు జరిగిందే చెబుతాము.

2011లో, సరిగ్గా పెళ్లిళ్ల రోజుల్లో, మా 17 అంగుళాల ఎల్.సి.డి. మానిటర్‌కు జబ్బు చేసింది. స్విచ్ వేస్తే బొమ్మ వస్తుంది, రెండు సెకన్లలో తెర నల్లబడిపోతుంది. పచ్చలైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. షాపులో చూపిస్తే, "బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండి" అన్నారు. మూడు పెళ్లిళ్ల కార్డులు కంప్యూటర్‌లోనే ఉండిపోయాయి. వాటి అడ్వాన్సులేమో అప్పటికే ఇంటి ఖర్చుల్లో కలిసిపోయాయి.

మా అక్క కొడుకు ఐ.టి.ఐ. కుర్రవాడు. "మామూ, మనమే విప్పుదాం" అన్నాడు. విప్పకముందు చూడవలసినవి ఉన్నాయి. కేబుల్ మార్చి చూశాం. ఒక్కోసారి పిన్ను వంగినా, వదులైనా రంగులు మారిపోతాయి; నీలం అందకపోతే తెరంతా పచ్చగా కామెర్లొచ్చినట్లుంటుంది. మాది అది కాదు. తరువాత గదిలో లైటార్పి, నల్లబడిన తెర మీదికి టార్చిలైటు ఏటవాలుగా వేశాం. బొమ్మ మసకగా కనబడింది! అంటే కంప్యూటరు బాగుంది, పానెలూ బాగుంది, వెనకనుంచి పడే వెలుగే ఆరిపోతున్నది.

ప్లగ్ పీకి, స్టాండు తీసి, పిల్లల ప్లాస్టిక్ స్కేలుతో అంచులు మెల్లగా విడదీశాం. ఇక్కడే మా తెలివితక్కువతనం బయటపడింది. సోదరులారా, ఇది మాత్రం జాగ్రత్తగా వినాలి. పవర్ బోర్డు మీద డబ్బాలాంటి పెద్ద కెపాసిటర్ ఒకటుంటుంది. గోడలోంచి వచ్చే 230 వోల్టులు అందులో సుమారు 325 వోల్టుల డి.సి.గా నిలవ ఉంటాయి. "ప్లగ్ తీశాం కదా మామూ, ఇంకా కరెంటెక్కడిది?" అంటూ వాడు స్క్రూడ్రైవర్ ఆనించాడు. ఢామ్మని మెరుపు! స్క్రూడ్రైవర్ మొన కరిగిపోయింది. వాడి వేలు ఇంకొంచెం ముందుంటే మా అక్కకు ఏమని చెప్పేవాళ్లం? ఆ రోజు మళ్లీ దాన్ని ముట్టుకోలేదు.

మరునాడు తెలిసిన రేడియో మెకానిక్ దగ్గర కూర్చుని నేర్చుకున్నాం. ప్లగ్ తీశాక ఆగాలి. తరువాత పెద్ద రెసిస్టర్ ద్వారా ఆ నిలవను దించాలి, స్క్రూడ్రైవర్‌తో కాదు. మల్టీమీటర్ పెట్టి వోల్టులు దిగిపోయినట్టు కళ్లారా చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి.

అప్పుడు చూస్తే మూడు చిన్న కెపాసిటర్లు నెత్తిన పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. 2000 తరువాత కొన్నేళ్లపాటు నాసిరకం కెపాసిటర్లు ఎన్నో కంపెనీల బోర్డుల్లోకి చేరాయి. దానికి 'కెపాసిటర్ ప్లేగు' అని పేరు కూడా పడింది. కొత్తవి కొనేటప్పుడు మైక్రోఫారడ్ అంతే ఉండాలి. వోల్టు అంతే గాని, ఎక్కువ గాని ఉండాలి, తగ్గకూడదు. 105 డిగ్రీల రకం కావాలి. చారగీత ఉన్న వైపు మైనస్. తిరగేసి పెడితే పేలుతుంది. మూడింటికీ కలిపి వంద రూపాయలు కూడా కాలేదు. సాల్డరింగ్ మా అల్లుడే చేశాడు, ఈసారి ముందు మీటర్ పెట్టి. కార్డులు పెళ్లిళ్లకు అందాయి.

పాతకాలపు లావుపాటి మానిటర్ ఎవరింట్లోనైనా మిగిలి ఉంటే దయచేసి మూత విప్పకండి. ఆ గాజు గొట్టంలో 20 వేల వోల్టులకు పైగా ఉంటుంది, కట్టేశాక కూడా నిలుస్తుంది. గ్యారంటీ ఉన్నవాటినీ విప్పవద్దు. ఇప్పటి ఎల్.ఇ.డి. మానిటర్లు చాలావాటికి అడాప్టర్ బయటే ఉంటుంది. ముందు అంతే వోల్టుల ఇంకో అడాప్టర్, ఆంపియర్లు తగ్గకుండా, ప్లస్ మైనస్ సరిచూసుకొని పెట్టి చూడండి.

మా మానిటర్ 2017 వరకు పనిచేసింది. చివరికి తెర నిండా నిలువుగీతలు వచ్చాయి. కేబుల్ మార్చినా పోలేదు. పానెల్‌దే ఆ జబ్బు, ఇంట్లో కుదిరేది కాదు. ఈసారి మూత విప్పకుండానే పాతసామాన్ల అతనికి ఇచ్చేశాం.