రెండు సెట్లు పోయిన పిమ్మట

(పాఠశాల ప్లాటినం జూబిలీ సందర్భంగా జరిగిన క్రీడా బహుమతి ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై అయిదేళ్ళు నిండిన పాఠశాల వేదికపై నిలిచిన వక్త మాతృభాషను గురించి మాట్లాడడం ఆనవాయితీ. ఒడియా నేలమీద తెలుగు బడిని నిలబెట్టుకొన్న ఈ ఊరిలో ఆ విషయం నాకంటె చక్కగా చెప్పగల పెద్దలు ముందు వరుసలోనే కూర్చొని ఉన్నారు. నన్ను ఆటల గురించి చెప్పమన్నారు. అందుచేత ఆటలన్నింటి జోలికీ పోక, ఒక్క రాత్రి జరిగిన ఒక్క వాలీబాల్ పోటీని గురించి మాత్రమే చెబుతాను. అది జరిగింది మన దేశంలో కాదు. ఆడినది మన పిల్లలూ కాదు. అయినా ఇక్కడ చెప్పదగినదని నా విశ్వాసం.

2024 డిసెంబరు 19. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని లూయివిల్ నగరం. అక్కడి విశ్వవిద్యాలయాల మహిళా జట్లు ఋతువంతా తమ ప్రాంతీయ కూటములలో ఆడుకొన్న తరువాత, అరవై నాలుగు జట్లతో జాతీయ పోటీ ఆరంభమవుతుంది. అందులో ఒక్కసారి ఓడితే ఇంటికి పోవలసిందే, రెండవ అవకాశం లేదు. అలా వడపోయగా మిగిలిన నాలుగు జట్లలో రెండు ఆ రాత్రి సెమీఫైనల్‌లో ఎదురుపడ్డాయి. ఒకటి నెబ్రాస్కా, రెండవది పెన్ స్టేట్ అని పిలవబడే పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయం.

నెబ్రాస్కా అంటే అమెరికాలో మహిళా వాలీబాల్‌కు పుట్టినిల్లు వంటిది. 2023 ఆగస్టు 30న ఆ విశ్వవిద్యాలయం తన ఫుట్‌బాల్ మైదానంలో వలకట్టి ఆడినప్పుడు చూడవచ్చిన జనం 92,003 మంది. కళాశాల ఆడపిల్లల ఆట చూడడానికి తొంభై రెండు వేలమంది! జాతీయ విజేత పదవి ఆ జట్టుకు అయిదుసార్లు దక్కింది. పెన్ స్టేట్ అప్పటికే ఏడుసార్లు గెలిచిన జట్టు. ఆ ఏడూ రస్ రోజ్ అనే ఒకే శిక్షకుని కాలంలో వచ్చినవి. ఆయన 1979 నుండి 2021 వరకు ఆ జట్టును తీర్చిదిద్దారు.

ఈ రెండు జట్ల మధ్య ఒక పాతకథ ఉంది. 2008 డిసెంబరులో, నెబ్రాస్కా రాష్ట్రంలోనే ఉన్న ఒమాహా నగరంలో, ఇవే జట్లు ఇదే సెమీఫైనల్ ఆడాయి. ఆ సంవత్సరం పెన్ స్టేట్ అప్పటివరకు ఒక్క సెట్ కూడా ఎవరికీ ఇవ్వలేదు. ఆ రాత్రి కూడా మొదటి రెండు సెట్లు సునాయాసంగా గెలుచుకొన్నది. అటువంటి జట్టు నుండి నెబ్రాస్కా అమ్మాయిలు మూడవ సెట్‌ను 25–15తో, నాలుగవ సెట్‌ను 25–22తో లాక్కొన్నారు. అయిదవ సెట్‌లో కూడా ఒక దశలో ముందంజ వేసి, చివరకు 11–15తో ఓడిపోయారు. ఓడినవారి ఆటను గురించే జనం ఎక్కువగా చెప్పుకొన్న పోటీ అది.

పదహారేళ్ళ తరువాత పాత్రలు మారాయి. లూయివిల్‌లో మొదటి రెండు సెట్లు నెబ్రాస్కావి: 25–23, 25–18. పెన్ స్టేట్ మూడవ సెట్‌ను 25–23తో కష్టంమీద నిలుపుకొన్నది. నాలుగవ సెట్ వచ్చేసరికి నెబ్రాస్కా మళ్ళీ విజృంభించింది. పలక మీద 22–16. మరి మూడు పాయింట్లు వస్తే పోటీ ముగుస్తుంది.

వాలీబాల్ ఎరిగినవారికి ఆ అంకెల అర్థం వేరుగా చెప్పనక్కరలేదు. తక్కినవారి కోసం ఒక్క మాట. ఫుట్‌బాల్‌లోనూ కబడ్డీలోనూ ముందున్న జట్టు కాలక్షేపం చేసి గెలవవచ్చు. గడియారమే వారి పక్షాన ఆడుతుంది. వాలీబాల్‌లో గడియారం లేదు. ముందున్న జట్టు చివరి పాయింటును కూడా ఆడి సంపాదించుకోవలసిందే. మరొక చిక్కు కూడా ఉంది. పాయింటు గెలిచిన జట్టే తరువాత సర్వీసు చేస్తుంది. సర్వీసు అందుకొన్న పక్షానికి ముందుగా దాడి చేసే వీలు ఉంటుంది గనుక, మంచి జట్ల మధ్య వరుసగా రెండు మూడు పాయింట్లు రాబట్టడమే గగనం. ఆరు పాయింట్ల తేడాను పూడ్చడమంటే ఆ కష్టమైన పనిని మళ్ళీ మళ్ళీ చేయడమన్నమాట.

పెన్ స్టేట్ అమ్మాయిలు దానిని చేశారు. మిచిగన్ విశ్వవిద్యాలయం నుండి వచ్చి ఈ జట్టులో చేరిన జెస్ మ్రూజిక్ స్మాష్‌లు వారికి ప్రధానాధారం. కాని ఆమె ఒక్కతె వలననే జరిగిందనడం అన్యాయం. అవతల నెబ్రాస్కా వెనుక వరుసలో లెక్సీ రోడ్రిగెజ్ అనే లిబరో ఉన్నది. నేలకు జానెడు ఎత్తులో ఉన్న బంతిని కూడా బ్రతికించగల దిట్ట. అటువంటి రక్షణ ఎదుట ఒక పాయింటు కోసం రెండుమూడుసార్లు స్మాష్ చేయవలసి వస్తుంది. ప్రతిసారీ బంతిని ఎవరో ఒకరు నేలమీద పడి అందుకోవాలి, మరొకరు దానిని చక్కగా లేపి ఇవ్వాలి. పత్రికలలో స్మాష్ చేసినవారి పేర్లే పెద్ద అక్షరాలలో వస్తాయి. మనం మాత్రం బంతి అందుకొన్న చేతులను కూడా చూడాలి.

నెబ్రాస్కా 24–22కు చేరింది. రెండు మ్యాచ్ పాయింట్లు. రెండింటినీ పెన్ స్టేట్ కాచుకొన్నది. సెట్ 28–26తో వారిది అయింది. అంటే 16–22 నుండి ఆ సెట్ చివరి వరకు పెన్ స్టేట్‌కు పన్నెండు పాయింట్లు, నెబ్రాస్కాకు నాలుగు. అయిదవ సెట్ 15–13. పోటీ పెన్ స్టేట్‌ది.

అయిదు సెట్ల పాయింట్లను కూడి చూస్తే నాకొక వింత కనబడింది. నెబ్రాస్కా మొత్తం 112, పెన్ స్టేట్ 109. మూడు పాయింట్లు ఎక్కువ సంపాదించిన జట్టు ఓడిపోయింది. లెక్కల మాస్టారు ఒప్పుకొన్నా ఒప్పుకోకపోయినా, వాలీబాల్‌లో అది న్యాయమే. ప్రతి సెట్ సున్నాతో మొదలవుతుంది; వెనుకటి సెట్‌లో ఏడు పాయింట్ల తేడాతో ఓడినా, ఆ అప్పు కొత్త సెట్‌కు రాదు.

మూడు రోజుల తరువాత, డిసెంబరు 22న, పెన్ స్టేట్ ఫైనల్‌లో ఆతిథ్య నగరానికే చెందిన లూయివిల్ జట్టును 25–23, 32–34, 25–20, 25–17తో ఓడించి ఎనిమిదవసారి విజేత అయింది. ఆ జట్టు శిక్షకురాలు కేటీ షూమాకర్ కాలీ. 1999లో పెన్ స్టేట్ మొదటిసారి జాతీయ విజేత అయినప్పుడు ఆమె ఆ జట్టులో క్రీడాకారిణి. 2022 నుండి శిక్షకురాలు. 2024 శరదృతువులో ఆమెకు రొమ్ము కేన్సర్ అని తేలింది. చికిత్స పొందుతూనే జట్టు బాధ్యత మోశారు. ఆమె ధైర్యాన్ని గురించి లోకం చాలా వ్రాసింది, వ్రాయవలసిందే. కాని నాకు అంతకంటె ఆలోచన కలిగించినది మరొక సంగతి. ఆ జాతీయ పోటీ 1981లో మొదలైంది. 2023 వరకు నలభై మూడుసార్లు జరిగింది. ఆడినవారందరూ స్త్రీలే, గెలిచిన జట్ల ముఖ్య శిక్షకులందరూ పురుషులే. నలభై నాలుగవసారి గెలిచిన ఈమె మొదటి స్త్రీ. ఫైనల్‌లో ఎదుటి పక్షపు శిక్షకురాలు డానీ బుస్‌బూమ్ కెల్లీ కూడా స్త్రీయే గనుక, ఎవరు గెలిచినా ఆ నాడు ఆ గోడ కూలేదే. ఆమె 2006లో విజేత అయిన నెబ్రాస్కా జట్టులో ఆడినవారు. 2025 జనవరిలో జాన్ కుక్ పదవీ విరమణ చేయగా ఆ నెబ్రాస్కాకే శిక్షకురాలై వెళ్ళారు.

వారి ఆడపిల్లలు పుట్టుకతోనే క్రీడాకారిణులని, మనవారికి అది చేతకాదని కొందరు అంటూ ఉంటారు. చరిత్ర అలా చెప్పదు. 1972 జూన్ 23న అక్కడ టైటిల్ నైన్ అనే చట్టం వచ్చింది. ప్రభుత్వ ధనం పుచ్చుకొనే విద్యాసంస్థలో స్త్రీ పురుష భేదం చూపి ఎవరికీ అవకాశం నిరాకరించరాదన్నది దాని సారాంశం. ఆ చట్టపాఠంలో ఆటల మాటే లేదు! అయినా దాని ఒత్తిడి వలన కళాశాలలు ఆడపిల్లలకు జట్లు ఏర్పరచాయి, మైదానాలు ఇచ్చాయి, విద్యార్థి వేతనాలు ఇచ్చాయి. నెబ్రాస్కా జట్టు 1975లో, పెన్ స్టేట్ జట్టు 1976లో పుట్టినవే. అంటే ఆ రెండు జట్లూ మన పాఠశాల కంటె వయసులో చిన్నవి.

మన బడిలో ఈ సంవత్సరం బాలికల జట్టు ఉన్నది. ఇందాక బహుమతి తీసుకొన్న పిల్లలను మీరందరూ చూచారు. వారిలో పదవ తరగతి చదువుతున్నవారు వేసవి తరువాత ఏమవుతారన్నది నా బెంగ. చదువు మానరు, ఆ విషయంలో మన తల్లిదండ్రులకు చేతులెత్తి నమస్కరించాలి. మానేది ఆటనే. పిల్ల చీకటి పడకముందే ఇల్లు చేరాలి. పోటీకి పొరుగూరు వెళ్ళాలంటే వెంట ఎవరు వెళతారు. ముఖం ఎండకు నల్లబడుతుంది. మూడవ కారణానికి నా దగ్గర జవాబు లేదు, వినే ఓపికా లేదు. మొదటి రెండూ న్యాయమైన భయాలే. వాటికి పరిష్కారం పిల్లల ధైర్యంలో వెతకకూడదు, పెద్దల ఏర్పాటులో వెతకాలి.

పూర్వ విద్యార్థి మిత్రులు జూబిలీ నిధి గురించి నన్ను సలహా అడిగారు. నా సలహా ఇది. ముఖద్వారానికి రంగులు తరువాత వేయవచ్చు. వాలీబాల్ మైదానానికి నాలుగు స్తంభాలు పాతి దీపాలు పెట్టించండి. పదవ తరగతి ముగించిన బాలికలు కూడా సాయంకాలం ఇక్కడకు వచ్చి ఆడుకొనేందుకు అనుమతి ఇవ్వవలసిందిగా ప్రధానోపాధ్యాయులను సభాముఖంగా ప్రార్థిస్తున్నాను. పోటీలకు వెళ్ళేటప్పుడు వెంట వెళ్ళడానికి ఇద్దరు తల్లులు పేర్లిస్తే చాలు. సభ ముగిసిన తరువాత నేను ఆ ద్వారం దగ్గరే, కాగితమూ కలమూ పట్టుకొని నిలుచుంటాను.