మెదడు చిత్రముల లెక్క తప్పినప్పుడు



మన మార్కాపురపు గనులలో పలకరాయిని చీల్చు పనివారిని మీరందరును చూచియే యుందురు. ఉలి పొరల సందున సరిగా దిగినచో పలక నునుపుగా ఊడివచ్చును. వెండ్రుకవాసి తప్పినచో పనికిరాని పొరతోపాటు మంచి పలకయు చెడిపోవును. నేడు నేను చెప్పబోవునది మెదడు చిత్రములను గూర్చి. అయినను ఆ ఉలిని మనస్సునం దుంచుకొనుడు.

ఎం.ఆర్.ఐ. అను యంత్రము అయస్కాంతబలముచేత మెదడును కోయకయే పొరలు పొరలుగా చిత్రించును. ఆ చిత్రములను కంప్యూటరులోని సాఫ్ట్‌వేరు గణించును. అది మొదట చర్మమును, పుర్రెను తొలగించి మెదడును మాత్రము మిగుల్చును. పిమ్మట ఏ భాగ మెంత యున్నదో కొలిచి అంకెలలో తెలుపును. అంకె కనబడగానే మనము నమ్ముదుము. చిక్కంతయు అచ్చటనే కలదు.

కొన్ని యేండ్ల క్రిందట నేను పని చేసిన పరిశోధనశాలకు గిద్దలూరు ప్రాంతమునుండి ఒక పెద్దాయన కుమారునితో వచ్చెను. ఆయన చిరకాలము పలకల వ్యాపారమున లెక్కలు వ్రాసినవాడు. మరపు వచ్చుచున్నదేమో యను సందేహముతో చిత్రములు తీయించిరి. మెదడు ముందు భాగము మిక్కిలి క్షీణించినదని సాఫ్ట్‌వేరు తేల్చెను. కుమారుని ముఖము వాడిపోయెను. పొలము పత్రములు తండ్రిచేత ఇప్పుడే వ్రాయించుకొనవలెనా యని నన్ను చాటుగా అడిగెను. పెద్దాయన మాత్రము కుమారుడు వ్రాసిన దారిఖర్చుల చీటీ చూచి, నోటిలెక్కతో తప్పు పట్టి, “అబ్బాయీ, కూడిక మళ్ళీ చూడు” అనెను.

ఆ మాట నాకే తగిలినట్లయ్యెను. మేము అంకెను ప్రక్కన బెట్టి, పొర తరువాత పొరగా చిత్రములను కంటితో చూచితిమి. పుర్రెను తొలగించు ఘట్టమున సాఫ్ట్‌వేరు నుదుటి వెనుకనున్న మెదడులో కొంత గూడ కోసివైచినది. ఉలి లోతుగా దిగినదన్నమాట. క్షీణించినది చిత్రమే గాని మెదడు గాదు. హద్దు సరిచేసి మరల గణింపగా ఆ భాగము ఆయన యీడువారికి ఉండదగినట్లే యుండెను. మరపు సంగతిని వైద్యులు వేరుగా పరీక్షించిరి.

అనుకొనని ఫలితము వచ్చినప్పుడు వెదకవలసిన తావులు మరికొన్ని కలవు. మొదటిది కుడియెడమలు. కొందరు రోగి యెడమ వైపును చిత్రమున కుడి వైపున చూపుదురు. వైద్యుడు రోగి కెదురుగా నిలిచి చూచినట్లు. మరికొందరు అట్లు చేయరు. ఈ పద్ధతు లొకదానితో నొకటి కలిసినచో ఎడమనున్న దోషము కుడికి మారును. అందుచేత కొన్ని పరిశోధనశాలలలో తల కొక ప్రక్కను విటమిను మాత్ర నొకదానిని అంటింతురు. అది చిత్రమున తెల్లని చుక్కగా కనబడి, ఏది ఏ ప్రక్కయో సాక్ష్యము చెప్పును.

రెండవది కొలమానము. ఒక యూరి మానికతో కొలిచిన ధాన్యమును మరియొక యూరి మానికతో కొలిచి, తరుగు వచ్చినదని తగవులాడుట తగునా? పరిశోధకులు తరచుగా వాడు నమూనా మెదడు కెనడాలోని మాంట్రియల్ నగరమున 152 మంది చిత్రములనుండి తయారైనది. 2019లో హైదరాబాదులోని ట్రిపుల్ ఐ.టి. వారు 100 మంది భారతీయుల చిత్రములతో మన నమూనాను సిద్ధపరచిరి. పాశ్చాత్యుల నమూనాకంటె మనది సగటున ఎత్తునను వెడల్పునను కొంచెము తక్కువగా నున్నదని తేలినది. ఇది తెలివికి కొలత గాదు. పరాయి మానికతో కొలిచి జబ్బని భ్రమపడకుండుటకు మాత్రము ఇది తోడ్పడును.

మూడవది యంత్రము. ఫ్రీసర్ఫర్ అను సాఫ్ట్‌వేరును పరీక్షించి 2012లో కొందరు ప్రకటించిన సంగతి వినుడు. చిత్రము లవియే యైనను, సాఫ్ట్‌వేరు కూర్పును గాని కంప్యూటరును గాని మార్చినచో కొలతలు మారినవి. కావున నిరుటి చిత్రమును నేటి చిత్రముతో పోల్చునప్పుడు రెండింటిని ఒకే కంప్యూటరున, ఒకే కూర్పుతో గణింపవలెను.

నాలుగవది యాదృచ్ఛికము. 2009లో అమెరికాలో క్రెయిగ్ బెనెట్ అను శాస్త్రజ్ఞుడును ఆయన తోడివారును చచ్చిన చేప నొకదానిని యంత్రమున బెట్టి, మనుష్యుల బొమ్మలు చూపిరి. దాని మెదడులో చలన మున్నట్లు లెక్కలో కనబడినది! వేల తావులలో ఒక్కసారిగా వెదకినచో, ఏమియు లేకున్నను ఎచ్చటనో కొన్ని చుక్కలు తగులును. ఆ సంగతికి తగిన సవరణ చేయగా చేప మరల చచ్చినదే యయ్యెను.

ఇంకొక మాట. వింత ఫలితము వచ్చినప్పుడు మనము మరల చూతుము. మన కిష్టమైన ఫలితము వచ్చినప్పుడు ఎవరును చూడరు. తప్పు అందును దాగియుండవచ్చును. కావున రెండింటిని ఒకే తీరున పరీక్షింపవలెను.

మీ యింట నెవరికైన ఇట్టి కాగితము వచ్చినచో వైద్యుని వినయముగా రెండు ప్రశ్న లడుగుడు: “అయ్యా, ఈ చిత్రములను ఎవరైన కంటితో చూచిరా? ఎవరితో పోల్చి తక్కువ యనుచున్నారు?” ఈ ప్రశ్నలకు మంచి వైద్యుడు కోపింపడు. సమాధానము వినిన పిమ్మటనే ఇంటిలో తక్కిన నిర్ణయములు చేసికొనుడు. పొలము పత్రములకు తొందర లేదు.

సెలవు.