అన్నం ముందర ఒక్క క్షణం
(ధార్మిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో మా అమ్మాయి కుటుంబం నివసిస్తున్నది. మా మనుమరాలిని అక్కడి కింగ్ డేవిడ్ పాఠశాలలో చేర్పించారు. అది యూదుల ప్రాథమిక పాఠశాల. అయినను అందు చదివే పిల్లల్లో ముస్లింలే అధికులు. ఇతర మతాల పిల్లలూ ఉన్నారు. అందరూ హీబ్రూ భాష నేర్చుకొంటారు, యూదుల పండుగలు జరుపుకొంటారు, వారి ఆహార నియమమైన కోషర్ పద్ధతిలో వండిన భోజనమే చేస్తారు.

ఆ దేశపు పాఠశాలల్లో ప్రతిదినం సామూహిక ప్రార్థన జరగాలని 1944లో చట్టం చేశారు. ఇష్టం లేని తల్లిదండ్రులు తమ బిడ్డను అందులోనుండి మినహాయించుకొనే హక్కునూ ఆ చట్టమే ఇచ్చింది.

నేను అక్కడికి వెళ్లినపుడు ఆ హక్కును వినియోగించుకోమని అమ్మాయికి గట్టిగా చెప్పాను. "మన శ్లోకాలు నోటికి రాకముందే పరుల ప్రార్థన దేనికమ్మా?" అన్నాను. అమ్మాయి బదులు పలుకలేదు.

ఆ రాత్రి భోజనాల వేళ మనుమరాలు చేతులు కడుగుకొని, రొట్టెముక్క పట్టుకొని, హీబ్రూలో ఏదో పలికింది. అర్థమేమని అడిగాను. "నేలనుండి ఆహారం పుట్టించే దేవుడికి దండం పెట్టడం, తాతయ్యా" అన్నది. పిమ్మట, "మరి మనం అన్నం ముందర ఏమంటాం?" అని అడిగింది.

అప్పటికే నా చేయి అన్నంలో ఉన్నది. చూపు టీవీ మీద ఉన్నది. మా నాన్నగారు పరిషేచనం చేయనిదే ముద్ద ముట్టేవారు కారు. ఉద్యోగంలో చేరిన నాటినుండి నేను దానిని విడిచిపెట్టాను. మా అమ్మాయి దానిని చూడనేలేదు. లోపం ఆ పాఠశాలది కాదు, నాది.

మరునాడు విస్తరి చుట్టూ నీళ్లు చల్లి "గోవిందా" అన్నాను. మనుమరాలు గొంతు కలిపింది. మినహాయింపు కోరుతూ ఉత్తరం వ్రాయలేదు.

ప్రార్థనలన్నీ ఒకటేనని నేను అనడం లేదు. శుక్రవారం సాయంత్రం దీపాలు వెలిగించి విశ్రాంతిదినాన్ని ఆహ్వానించడం వారి ఆచారం; పరిషేచనం మనది. వారు తమ ఆచారాన్ని విడువక, పరుల బిడ్డలను తమ పంక్తిలో కూర్చుండబెట్టుకొన్నారు. దానివలన మా బిడ్డకు మన ఆచారం గుర్తుకు వచ్చింది.

నేడు స్వామివారి అన్నప్రసాదం స్వీకరించేటపుడు ఒక్క క్షణం చేయి ఆపండి. ఇంటికి వెళ్లిన తరువాత కూడ ఆపండి. పక్కన పిల్లలు చూస్తుంటారు.

స్వస్తి.