అంగడి ముంగిటి కుక్క

హైదరాబాదునుండి నాగార్జునసాగరుకు పోవు బాటలో ఇబ్రహీంపట్నము కలదు. అచటి పెద్దచెరువు ఊరికి ఆనవాలు. ఇట్టి ఊళ్ళ బజారులలో అంగడి ముంగిట కాపురముండు కుక్కను మనము చూచుచునే యుందుము. టీకొట్టువారు రొట్టెముక్క వేయుదురు. బడిపిల్లలు పేరుపెట్టి పిలుతురు. రాత్రి దుకాణములు మూసిన పిమ్మట వీధికంతకు అదియే కావలి.

అయితే అన్నము పెట్టుటకు పదిమంది కలరు. టీకా వేయించుటకు ఒక్కరును ముందునకు రారు. చిక్కంతయు ఇచటనే యున్నది. రేబిస్ లక్షణములు పొడసూపినచో మనుష్యుడు బ్రతుకుట దాదాపు అసంభవము. కుక్క కరచిన గాయమును సబ్బుతో, పారునీటితో 15 నిమిషములు కడిగి వెంటనే ఆసుపత్రికి పోవలెను. పసుపు, కారము అద్దరాదు.

వీధికుక్కకు సంతాననిరోధక శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టిన చోటనే విడువవలెనని 2023 నాటి కేంద్ర నిబంధనలు చెప్పినవి. పిచ్చిపట్టినవానిని, మీదబడి కరచువానిని విడువరాదని 2025లో సుప్రీంకోర్టు ఆదేశించినది. బడులు, ఆసుపత్రులు, బస్సుస్టాండ్లలో పట్టినవానిని మరల అచట విడువరాదనియు అదే యేట పలికినది.

కావున మన బజారు కుక్క చెవిని ఒకపరి చూతము. శస్త్రచికిత్సకు గుర్తయిన గంటు లేనిచో, నలుగురు దుకాణదారులు కలసి మునిసిపాలిటీకి తెలుపుదము. ఏటేట టీకా వేయించు పూచీ ఒకరు వహింతురు గాక. అప్పుడే అది మన కుక్క యగును.