బడి ఏ వంకలో ఉంది?

మీరంతా సెలవు పెట్టుకుని సొంత ఖర్చులతో అనంతపురం చేరిన ఉపాధ్యాయ ప్రతినిధులు. 'ఆన్ డ్యూటీ' ఉత్తర్వు ఈసారి కూడా రాలేదని కార్యదర్శిగారు చెప్పారు. రాదని నాకు ముందే తెలుసు. మొక్కలు నాటే కార్యక్రమమైతే వచ్చి ఉండేది.

అధ్యక్షుడిగా నిలబడినవాడు పర్యావరణ విద్యా రంగంలో జరిగిన పనిని సమీక్షించాలన్నది మన ఆనవాయితీ. ఆ తంతు త్వరగా కానిస్తాను. బెల్‌గ్రేడ్ 1975, తిబిలిసి 1977 సమావేశాలు, మన జాతీయ విద్యా విధానం 1986: ఈ మెట్లు మీరు నిద్రలో కూడా ఎక్కి దిగగలరు. 1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేయమంది. మనవాళ్లు పన్నెండేళ్లు తాత్సారం చేస్తే 2003 డిసెంబరులో కోర్టే మళ్లీ కదిలించాల్సి వచ్చింది. 2005లో జాతీయ పాఠ్య ప్రణాళికా చట్రం వచ్చింది. కాగితానికి మనకెన్నడూ కరవు లేదు. అంతకుముందే హరిత దళాలు, ఎకో క్లబ్బులు వచ్చాయి. వాటి బోర్డులు చాలా బళ్లలో ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

ఇక మన ఇంటి జగడం. పర్యావరణాన్ని విడి సబ్జెక్టుగా చెప్పాలా, అన్ని సబ్జెక్టుల్లో కలిపి చెప్పాలా? రెండు పక్షాలవారూ ఈ హాల్లోనే ఉన్నారు, ఎప్పటిలాగే చెరో పక్క కూర్చున్నారు. విడి సబ్జెక్టు అంటే మార్కుల్లేని పుస్తకం, ఆ పీరియడ్‌లో లెక్కల మాస్టారి రివిజన్. కలిపి చెప్పడమంటే కూరలో ఇంగువ. వాసన తగులుతుంది గాని తినడానికి ముక్క దొరకదు. ఈ తగాదాలో నేను ఏ పక్షమూ కాను. అందుకే ఇద్దరికీ కంటగింపయ్యాను. చెప్పే గురువుకి తెలిసి ఉండవలసింది ఏమిటన్న సంగతి ఇద్దరూ అడగరు. నా కొట్లాటంతా దాని మీదే.

నా ప్రశ్న మీలో చాలామంది విని విసిగిపోయినదే. మీ బడి ఆవరణలో పడిన వాన ఎటు పోతుంది? స్లాబు మీద నుంచి ఆటస్థలంలోకి, అక్కడి నుంచి రోడ్డు పక్క కాలువలోకి, ఆ తర్వాత? ఏ వంకలో కలుస్తుంది, ఆ వంక ఏ చెరువులో పడుతుంది, చెరువు నిండి అలుగు పారితే దిగువన ఏ ఊరి చెరువు అందుకుంటుంది? బదిలీ మీద కొత్త బడికి వెళ్లిన ఉపాధ్యాయుడు మొదటి వానాకాలం గడిచేలోగా దీనికి జవాబు చెప్పగలగాలి. చెప్పలేనివాడు పరిసరాల విజ్ఞానం బోధించడానికి అర్హుడు కాడని నేను ఒక వ్యాసంలో రాస్తే, ఇది ఉపాధ్యాయ వర్గానికి అవమానమని ఒక సంఘం ఖండన ప్రకటన ఇచ్చింది. ఖండనలో నా ప్రశ్నకు జవాబు లేదు.

విజయవాడ పిల్లవాడిని అడగండి, కృష్ణ మహాబలేశ్వరంలో పుట్టిందని టక్కున చెబుతాడు. బుడమేరు ఎక్కడ పుట్టింది? మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేటికి పోయే ఏరు అది. వెలగలేరు దగ్గర దాన్ని మళ్లించి ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపే ఏర్పాటు ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో ఆ మళ్లింపు కాలువకు గండ్లు పడి సింగ్‌నగర్ మునిగింది. నీళ్లు కృష్ణ నుంచి వచ్చాయనుకున్నవాళ్లు ఎందరో! పాఠ్యపుస్తకంలో ఉన్న నది వేరు, ఇంట్లోకి వచ్చిన ఏరు వేరు. ఈ ఊరి సంగతీ చూడండి. వాన కరవుకు పేరుపడిన అనంతపురంలో 2022 అక్టోబరులో పండమేరు, నడిమివంక పొంగి కాలనీల్లోకి వచ్చాయి. ఆ కాలనీల పిల్లలు చదివే బళ్లలో వంక పేరు చెప్పే పాఠం ఉందా? ధవళేశ్వరం ఆనకట్ట, కాటన్ దొర, నాగార్జునసాగర్ ఉన్నాయి. అవి ఉండాలి, కాదనను. కానీ మన పాఠ్యపుస్తకాలు డెల్టా గట్టు మీద కూర్చుని రాసినట్టుంటాయి. అందులో మెట్టవాడి నీళ్లు కనపడవు.

ఇక్కడ కొందరు మిత్రులు అంటారు, ఇదంతా ఇప్పుడు ఉపగ్రహ పటాల్లో ఉంది, ఫోనులో ఒక్క వేలితో తెలుస్తుంది, ఈ ముసలాయన ఇంకా పొలం గట్ల వెంట తిరగమంటాడేమిటని. వారికి కాస్త వివరంగా జవాబు చెప్పాలి. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు కోసం ఒకప్పుడు అర్జీలు పెట్టుకుని పడిగాపులు కాశాం. 2005 పటాల విధానం వచ్చాక కొంత సడలింది, 2021లో ఇంకా సడలింది. సంతోషం. కానీ 1:50,000 పటంలో కాంటూరుకూ కాంటూరుకూ మధ్య ఎడం సాధారణంగా 20 మీటర్లు. మన ఊరి చెరువు కట్ట నుంచి ఎగువ మిట్ట దాకా ఎత్తు తేడా చాలాచోట్ల అంత కూడా ఉండదు. ఊరు ఊరంతా రెండు గీతల మధ్య ఖాళీలో పడిపోతుంది. ఫోనులో చూపే ఎత్తులకు ఆధారమైన ఉపగ్రహ లెక్కల్లో ఒక్కో గడి 30 మీటర్లు, ఎత్తు కొన్ని మీటర్లు అటూ ఇటూ. మూడడుగుల గట్టు నీళ్లను రెండు ఊళ్లకు పంచే చోట ఆ పటం ఏం చెబుతుంది?

అందుకే తాపీమేస్త్రీ వాడే నీళ్ల గొట్టం. పారదర్శకమైన గొట్టంలో నీళ్లు నింపి, రెండు కొసలు రెండు కొలకర్రలకు కట్టి నడవడమే. ఖర్చు కొన్ని వందలు. దానితో పిల్లలు బడి చుట్టూ ఏది మిట్టో ఏది పల్లమో కనిపెడతారు, నీళ్లు రెండు వైపులకు చీలే గీతను సున్నంతో గుర్తిస్తారు. ఈ పనికి ఉపాధ్యాయ శిక్షణలో మూడు పూటలు ఇమ్మని నేను అడగని వేదిక లేదు. 'గొట్టం మాస్టారు' అని నాకు పేరు పెట్టిన విద్వాంసుడు ఈ సభలో రెండో వరుసలోనే ఉన్నారు. ఆయన తయారుచేసిన కరదీపికలో నలభై కృత్యాలున్నాయి. ఒక్కదానికైనా చెప్పులు తడవవు.

లెక్క సంగతి. ఎకరం మీద రెండున్నర సెంటీమీటర్ల వాన పడితే ఎన్ని నీళ్లు? శిక్షణ తరగతుల్లో ఈ ప్రశ్న వేస్తే గది నిశ్శబ్దమవుతుంది. చదరపు మీటరు మీద మిల్లీమీటరు వాన అంటే లీటరు. ఎకరమంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. లక్ష లీటర్లు పైచిలుకు! ఏడో తరగతి గుణకారం ఇది. ఇది చేతికొచ్చిన ఉపాధ్యాయుడు 'నీటిని పొదుపు చేద్దాం' అని నినాదం రాయించడు, ఆ లక్షలో ఎంత పారింది, ఎంత ఇంకింది, ఎంత ఆవిరైంది అని అడుగుతాడు. గ్రానైటు నేలల్లో కురిసిన దానిలో భూగర్భానికి చేరేది నూటికి పది, పన్నెండు పాళ్లుగా లెక్క కడతారు. ఆ సంఖ్య తెలిసినవాడికి ఊళ్లో వేసిన బోర్ల వరస చూస్తే గుండె ఝల్లుమంటుంది. తెలియనివాడు అరచేతిలో కొబ్బరికాయ నిలబడిందని ఇంకో బోరు వేయిస్తాడు. అలా వేయించినవాళ్లలో సైన్సు ఉపాధ్యాయులున్నారు. భూమి కింద నదులు పారుతున్నాయని నమ్మేవారికి పగుళ్ల రాయిలో నీరు ఎలా నిలుస్తుందో ఎవరూ చూపలేదు. తప్పు వారిది కాదు, శిక్షణది.

చూపినవాళ్లు లేకపోలేదు. ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరవు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో నడిచిన రైతుల భూగర్భ జల యాజమాన్య పథకాన్ని తలుచుకోండి. నంద్యాల కేంద్రంగా ఉన్న ఒక సంస్థ ముందుండి నడిపింది. రైతులు, అందులో ఆడవాళ్లు, తామే వానమాపకం చూశారు, బోరులో నీటిమట్టం కొలిచారు, రబీకి ముందు ఊరి నీటి జమాఖర్చు గోడ మీద రాసి ఏ పంట ఎన్నెకరాలో మాట్లాడుకున్నారు. ఇంతకంటే పర్యావరణ అక్షరాస్యత ఏముంటుంది? బి.ఎడ్. పాఠ్యక్రమంలో దీనికి ఒక పేజీ కూడా లేదు. అల్మోరాలోని ఉత్తరాఖండ్ సేవానిధి 1987 నుంచి కొండ ఊళ్ల బళ్లలో చేసిన పనీ అంతే. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు తమ ఊరి గడ్డి, కట్టెలు, పేడ, ఊటలు కొలిచి, ఊరి భూమిని ఎలా కోలుకునేట్టు చేయాలో నేర్చుకున్నారు.  హోషంగాబాద్ సైన్సు బోధన 1972లో మొదలై ముప్పై ఏళ్లు నడిచింది. అక్కడ పిల్లలు చేయవలసిన ప్రతి ప్రయోగమూ ముందు ఉపాధ్యాయులే శిక్షణలో చేసేవారు. 2002లో ప్రభుత్వం దాన్ని మూసేసింది. మనవాళ్ల పత్రాల్లో తిబిలిసి ఉంటుంది, 2011లో పర్యావరణ అక్షరాస్యతను హైస్కూలు పట్టాకు షరతు చేసిన అమెరికాలోని మేరీల్యాండ్ ఉంటుంది. అల్మోరా, హోషంగాబాద్, నంద్యాల ఉండవు. రైలు టిక్కెట్టు తక్కువని చిన్నచూపేమో!

వాటర్‌షెడ్ల వైభోగం నడిచిన రోజులు మీలో పెద్దవాళ్లకు గుర్తుంటాయి. సి.హెచ్. హనుమంతరావుగారి కమిటీ 1994లో నివేదిక ఇచ్చింది, 1995 ఏప్రిల్ నుంచి కొత్త మార్గదర్శకాలు అమలయ్యాయి. 500 హెక్టార్లొక వాటర్‌షెడ్, ఊరి కమిటీ చేతిలో డబ్బు. (చతుర్విధ జల ప్రక్రియ చెప్పిన ఇంజనీరు టి. హనుమంతరావుగారు వేరు. ఈ ఇద్దరినీ ఒకరిగా కలిపేసిన పత్రం గత సమావేశంలో చదివారు, నేను లేచి సరిచేయాల్సి వచ్చింది.) ఆ నిధిలో నూటికి ఐదు శిక్షణకని రాసి ఉంది. నేను చూసిన ఊళ్లలో ఆ ఐదులో బడిపంతులు వాటా సున్నా. చెక్‌డ్యామ్ కట్టారు, రాతికట్టలు వేశారు, నీళ్ల కుంటలు తవ్వారు, పక్కనే ఉన్న బడికి ఎందుకు కట్టామో చెప్పలేదు. ఆ పిల్లలు ఇవాళ రైతులు. నిండిన పూడికను ఎవరు తీయాలో వారికి తెలియదు, ఎందుకు తీయాలో అసలే తెలియదు.

ఆ రోజుల్లో పెన్న పరీవాహకంలోని ఒక ఊళ్లో నీరుగంటి ఒకాయన పరిచయమయ్యాడు. తూము ఎప్పుడు ఎంత ఎత్తాలో, ఏ కార్తెలో పడిన వానకు ఏ వంక ముందు వస్తుందో, ఎగువ చెరువు అలుగు పారిన ఎన్ని గంటలకు తమ చెరువు కట్ట తడుస్తుందో చెప్పేవాడు. మా శిక్షణ తరగతికి ఆయన్ని ఉపన్యాసకుడిగా పిలుద్దామన్నాను. అర్హత పత్రాలు ఏవి, గౌరవ వేతనం ఏ పద్దు కింద వేయాలి అని ఫైలు తిరిగింది. ఆయన రాలేదు. బదులుగా వచ్చినాయన ఓజోన్ పొర మీద గంటన్నర మాట్లాడాడు.

నీరుగంటి సరే, రాతి మీద చెక్కినదైనా చదివామా? కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది, బుక్కరాయల కొడుకు భాస్కరుడి కాలంలోది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, చెరువుకు పట్టే ఆరు దోషాలు వరుసపెట్టి అందులో ఉన్నాయి. కట్టలోంచి నీరు ఊరడం, చవిటి నేల, చెరువు నడుమ మిట్ట, కొద్ది నీళ్లకు విస్తారమైన నేల, విస్తారమైన నీళ్లకు కొద్ది నేల. ఇంకొకటి, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం. నవ్వకండి, మన రెండు రాష్ట్రాల జలవివాదాల మీద ఇంతకంటే సూటిగా రాసినవాళ్లు తక్కువ. వెయ్యిమంది కూలీలు రెండేళ్లు పనిచేసి కట్టారని కూడా ఉంది. ఇది ఒక ఏడాది డి.ఎడ్. కోర్సుకు సరిపడే పాఠ్యపుస్తకం. పురావస్తువాళ్లకు అది శిలాశాసనం, సంస్కృతంవాళ్లకు శ్లోకం, మనకు అక్కర్లేదు.

ఒక విన్నపం. డైట్ (జిల్లా విద్యా, శిక్షణ సంస్థ) విద్యార్థులు ప్రాజెక్టు పని పేరుతో ఊరి చెరువుల మీద, వంకల మీద, బావుల మీద రాసిన రికార్డులు ఏళ్ల తరబడి పోగయ్యాయి. కొన్ని నకళ్లు, నిజమే. కొన్ని మాత్రం ఆ ఊరి నీళ్ల గురించి ఉన్న ఏకైక రాత. ఒక సంస్థలో గది ఖాళీ చేయడానికి వాటిని కిలోల లెక్కన పాతకాగితాలవాడికి అమ్మేశారు. మిగిలినచోట్లయినా ఆపండి. మండలానికొకరు పూనుకుంటే చాలు. ఊరి పేరు, చెరువు పేరు, రాసిన సంవత్సరం, ఈ మూడు గడుల పట్టిక తయారు చేయండి. పరిశోధన కోసం కాదు, ఆ ఊరికి కొత్తగా వచ్చే పంతులు కోసం.

తీర్మానాల ముసాయిదా ఉదయం నా చేతికిచ్చారు. మూడో అంశంలో 'ప్రతి పాఠశాలలో వంద మొక్కలు నాటించాలి' అని ఉంది. ఎక్కడ నాటాలో, ఏ నీళ్లతో బతకాలో లేదు. దాని స్థానంలో నేనొక సవరణ పెడుతున్నాను: ప్రతి డైట్, ప్రతి బి.ఎడ్. కళాశాల తన ప్రాంగణం ఉన్న వంక పరీవాహకాన్ని నీళ్ల గొట్టంతో కొలిచి పటం గీయాలి, ఆ పటం లేనిదే వృత్యంతర శిక్షణ కేంద్రంగా గుర్తింపు ఇవ్వరాదు. బలపరచదలచినవారు మధ్యాహ్నం మూడింటిలోగా కార్యదర్శిగారికి పేర్లివ్వండి. గత సమావేశంలో ఇలాంటి సవరణకే నాలుగు చేతులు లేచాయి, అందులో ఒకటి నాది.

మొదటి పత్రం సమర్పించవలసినవారు వేదిక మీదికి రండి. మీకు ఇరవై నిమిషాలు.