బీరు కూడా మద్యమే

(అమీర్‌పేటలో జరిగిన మహల్లా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మద్యం గురించి మాట్లాడబోతున్నానని తెలిసి ఒక మిత్రుడు నన్ను అడిగారు: "మన సభలో ఆ ప్రస్తావన ఎందుకు భాయ్? మనవాళ్లు తాగరు కదా!" ఆ మాట నిజమైతే నాకంటే సంతోషించేవారుండరు.

రెండేళ్ల కిందట ఒక రాత్రి హాస్టలు పిల్లలు నాకు ఫోను చేశారు. వారి గదిలో ఉండే ఒక అబ్బాయి మెట్ల మీద పడి స్పృహ తప్పాడు. ఇరవై ఏళ్లు నిండని కుర్రవాడు. కోచింగ్ కోసం వేరే జిల్లా నుంచి వచ్చాడు. స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపడంలో సాయం చేశాను గనుక నా నెంబరు వారి దగ్గరుంది. తండ్రికి ఫోను చేస్తే ఆయన మొదట అడిగింది కొడుకు ప్రాణం గురించి కాదు. "ఆసుపత్రిలో పేరు రాయించకండి భాయ్‌సాబ్, నలుగురికీ తెలిస్తే తలెత్తుకోలేను" అన్నాడు. పేరు రాయించాము, వైద్యం చేయించాము, అల్లాహ్ దయవల్ల కోలుకున్నాడు. మర్నాడు మంచం మీద కూర్చుని నాతో అన్న మాట ఇది: "నేను మందు ముట్టలేదు చాచా, బీరే కదా తాగింది."

ఈ రోజు నా ప్రసంగమంతా ఆ "బీరే కదా" అన్న మాట గురించే.

మన రాష్ట్రంలో అమ్ముడయ్యే బీరులో అధిక భాగం స్ట్రాంగ్ రకం. అందులో ఆల్కహాలు ఏడెనిమిది శాతం ఉంటుంది. సీసా 650 మిల్లీలీటర్లు. అంటే ఒక సీసాలో 45 నుంచి 52 మిల్లీలీటర్ల అసలైన ఆల్కహాలు ఉన్నట్టు. విస్కీ 30 మిల్లీలీటర్ల పెగ్గులో ఉండేది దాదాపు 13 మిల్లీలీటర్లు. భాగించి చూడండి. ఒక్క స్ట్రాంగ్ బీరు మూడున్నర నుంచి నాలుగు పెగ్గుల విస్కీతో సమానం. నాలుగు పెగ్గులు తాగావా అని అడిగితే ఆ పిల్లవాడు లెంపలు వేసుకుని ఉండేవాడు. రెండు సీసాల బీరు తాగి, మందు ముట్టలేదని నిజాయితీగానే నమ్మాడు. ధర్మం దృష్టిలో పేరుతో పని లేదు, మత్తే ప్రమాణమని మన ఉలమా ఎప్పటి నుంచో చెబుతున్నారు. లెక్క కూడా ఆ మాటే చెబుతోంది.

ఇప్పుడు కొంచెం దూరం చూద్దాం. బీరుకు పుట్టినిల్లుగా చెప్పుకునే జర్మనీలో 1970లలో సగటున మనిషికి ఏడాదికి 150 లీటర్ల దాకా తాగేవారు. ఇప్పుడది 90 లీటర్ల దరిదాపులకు పడిపోయింది. తలసరి వాడకంలో దశాబ్దాలుగా అగ్రస్థానంలో ఉన్న చెక్ దేశంలో కూడా తగ్గుతూ వస్తోంది. అక్కడ జనాభాలో వృద్ధులు పెరిగారు, ఆరోగ్యం మీద శ్రద్ధ పెరిగింది, కొత్త తరం తాగడమే తగ్గించింది. మద్యం ఎంత కొద్దిగా తీసుకున్నా క్షేమమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా ప్రకటించింది. ఆ సంస్థ లెక్క ప్రకారం 2019లో మద్యం కారణంగా ప్రపంచంలో 26 లక్షల మంది చనిపోయారు.

మరి అక్కడ తగ్గిన అమ్మకాలు ఎక్కడ పూడ్చుకోవాలి? భారతదేశంలో తలసరి బీరు ఏడాదికి సుమారు రెండు లీటర్లే. మనకు అది ఊరట కలిగించే అంకె, వ్యాపారికి మాత్రం అది ఇంకా దున్నని పొలం. మన దేశంలో అతిపెద్ద బీరు కంపెనీ యునైటెడ్ బ్రూవరీస్ 2021లో యూరప్‌కు చెందిన హైనెకెన్ అధీనంలోకి వెళ్లడాన్ని ఈ దృష్టితో చూడాలి.

ఆ రెండు లీటర్లు దేశమంతటి సగటు అని మరువకూడదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం పదిహేనేళ్లు దాటిన పురుషులలో మద్యం తాగేవారు దేశంలో దాదాపు 19 శాతం, తెలంగాణలో 43 శాతం. 2025 జనవరిలో ఆ కంపెనీ మన రాష్ట్రానికి సరఫరా ఆపేస్తున్నామని ప్రకటిస్తే అది పెద్ద వార్త అయింది. ఆ నెలలోనే సరఫరా మొదలైంది, ఫిబ్రవరిలో బీరు ధర 15 శాతం పెరిగింది. మైనారిటీ విద్యార్థుల స్కాలర్‌షిప్ బకాయిలు కూడా అంత వేగంగా పరిష్కారమైతే ఎంత బాగుండునో!

ప్రభుత్వానికి ఇది ఆదాయ వనరు. 2023లో మన రాష్ట్రంలో 2,620 మద్యం దుకాణాలకు లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. తిరిగి ఇవ్వని రెండు లక్షల రుసుముతో, సీసా మూత తీయకముందే ఖజానాకు 2,600 కోట్లు చేరాయి. మద్యనిషేధానికి కృషి చేయాలని రాజ్యాంగం 47వ అధికరణం రాజ్యాన్ని ఆదేశిస్తోంది. మద్యం అమ్మకాలు చూసే శాఖ పేరులో నేటికీ "మద్యనిషేధ" అనే మాట ఉంది. ఉద్యోగ జీవితమంతా ఫైళ్ల మీద శాఖల పేర్లు రాసినవాణ్ణి, ఇంతటి విచిత్రమైన పేరు మరొకటి చూడలేదు.

అయితే నిబంధనల్లో మనకు ఉపయోగపడేవీ ఉన్నాయి. ప్రార్థనా స్థలానికి, విద్యాసంస్థకు, ఆసుపత్రికి వంద మీటర్లలోపు మద్యం దుకాణం ఉండరాదు. ఇరవై ఒక్క ఏళ్లు నిండనివారికి అమ్మరాదు. ఇక్కడే జాగ్రత్తగా వినండి. నిబంధన దృష్టిలో మస్జిద్ అంటే వక్ఫ్ బోర్డులో నమోదైన మస్జిద్. విద్యాసంస్థ అంటే గుర్తింపు పొందిన బడి, కళాశాల. అమీర్‌పేటలో మైత్రివనం చుట్టూ వేల మంది పిల్లలు చదువుకునే కోచింగ్ సెంటర్లు, ఎస్.ఆర్. నగర్ దాకా వరుసగా ఉన్న హాస్టళ్లు ఆ లెక్కలోకి రావు. రాష్ట్రంలో ఎక్కడెక్కడి తల్లిదండ్రులో నమ్మి పంపిన పిల్లలు ఉండే చోటికే ఈ రక్షణ లేదు. ఈ నిర్వచనాన్ని మార్చాలని మనం కోరాలి. ఇది ముస్లిముల కోరిక మాత్రమే కాదు, ఆ గదుల్లో అన్ని మతాల పిల్లలూ ఉన్నారు.

నమోదు విషయంలో తప్పు మనదే. ఒక మహల్లావారు తమ మస్జిద్ దగ్గరి దుకాణం మీద ఫిర్యాదు రాసిపెట్టమని నా దగ్గరకు వచ్చారు. నమోదు పత్రం అడిగాను. లేదు. నలభై ఏళ్లుగా ఐదు పూటలా నమాజు జరుగుతోంది, కాగితం మాత్రం లేదు. ఫిర్యాదు రాయకుండానే లేచిపోవలసి వచ్చింది.

"మన మాట ఎవరు వింటారు" అనేవారికి దూబగుంట గుర్తు చేస్తాను. నెల్లూరు జిల్లాలోని ఆ పల్లెలో అక్షరాలు నేర్చుకునే స్త్రీలు సారా దుకాణం మూయించారు. ఉద్యమం రాష్ట్రమంతా వ్యాపించింది. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధం సడలిపోయిందన్నది వాస్తవమే. కానీ ఒక ప్రభుత్వం చేత ఆ సంతకం పెట్టించింది రాత్రి బడికి వెళ్లిన తల్లులేనన్నదీ వాస్తవమే. మన సభల్లో తల్లులను వెనుక వరుసల్లో కూర్చోబెట్టి, ఈ విషయం వారి చెవిన పడకుండా జాగ్రత్తపడుతున్నాము. ఇంట్లో కొడుకు నోటి వాసన మొదట తెలిసేది వారికే కదా!

అలవాటులో పడిన బిడ్డను దాచవద్దు. ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో వ్యసన విముక్తి చికిత్స ఉంది, ఇక్కడికి ఎంతో దూరం లేదు. 14446 అనే ఉచిత ఫోను నెంబరు ఉంది. దానికి చేస్తే మహల్లాలో ఎవరికీ తెలియదు. గునాహ్ చేశాడని ఇంటి తలుపు మూసేస్తే ఆ పిల్లవాడికి తెరిచి ఉండే తలుపు పర్మిట్ రూముదే.

పంజాగుట్ట, అమీర్‌పేట మస్జిద్‌ల కమిటీ సభ్యులు తమ నమోదు పత్రాల నకళ్లు వచ్చే జుమా నాటికి తీసుకురావాలని మనవి. ఏ దుకాణానికి ఏ చిరునామాతో అనుమతి ఇచ్చారో సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం. రుసుము పది రూపాయలు, గడువు ముప్పై రోజులు. దరఖాస్తు నమూనా నేను రాసి తెచ్చాను. దూరాన్ని గాలిలో గీత గీసినట్టు కాక, మనిషి నడిచే దారి వెంట గేటు నుంచి గేటుకు కొలుస్తారు. అందుకని ఆదివారం ఫజ్ర్ తర్వాత, వీధి ఖాళీగా ఉన్నప్పుడు, టేపు పట్టుకుని నేను నడుస్తాను. రెండో కొస పట్టుకోవడానికి ఇద్దరు యువకులు కావాలి.